రెండో ప్రూఫు

"చొక్కాలు ఐదు చాలక్కా. ఆ రెండూ తీసెయ్. పుస్తకాలు పట్టటం లేదు."

"పుస్తకాలు తొడుక్కుని తిరుగుతావా?"

తమ్ముడు తీసి మంచం మీద పడేసిన చొక్కాలను అక్క మళ్ళీ సంచిలో కుక్కింది. తమ్ముడు మళ్ళీ తీశాడు. ఉదయం ఎనిమిది నుంచి ఇదే వరస. సంచి నిండటమూ లేదు, ఖాళీ అవటమూ లేదు.

పన్నెండింటికి బస్సు. అంతకన్నా ముందు, పదకొండున్నరలోగా, విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగారికి రాజీనామా ఇవ్వాలి. ఆ కాగితం బల్ల మీద, కళ్ళజోడు పెట్టె కింద ఉంది. తెల్లవారినప్పటి నుంచి అక్క దాన్ని నాలుగుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ అందులో ఏదో ఒక వాక్యం మారి ఉంటుందని ఆశ పడింది.

అక్క బడి మొహం చూడలేదు. ఈ తమ్ముడు శ్రీసభలో, అంటే కతోలిక చర్చిలో, గురువు అవుదామని, ఫాదరు అనిపించుకుందామని గురువిద్యాలయానికి వెళ్ళినప్పుడు కూడా సంచి సర్దింది ఆమే. అక్కడి నుంచి వాడు రాసిన ఉత్తరాలు ఎవరి చేతా చదివించుకోవటం ఇష్టంలేక సొంతంగా అక్షరాలు నేర్చుకుంది. విశ్వవిద్యాలయపు ప్రార్థనాలయంలోని బలిపీఠం గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసే పని ఆమెది. ఆ గుడ్డలు చుట్టి పంపే విశ్వవిద్యాలయ ప్రెస్సు కాగితాలే ఆమె వాచకం. అందుకని ఆమెకు మొట్టమొదట వచ్చిన మాటలు 'అనుబంధం', 'నియమావళి'.

ఆరేళ్ళ తర్వాత తమ్ముడు గురువు కాకుండానే తిరిగొచ్చాడు. దైవశాస్త్రం మాస్టారు అయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటున్నాడు.

"కొత్త నియమావళికి కట్టుబడతామన్న ప్రమాణం మీద మాస్టార్లు ఆరుగురు సంతకం పెట్టారటగా" అంది అక్క.

"పెట్టారు. ఆరుగురికీ చేతులున్నాయి."

"నీకు లేవా?"

"నాకు నోరు కూడా ఉంది. అదే వచ్చిన చిక్కు."

పక్క గదిలో ఇస్త్రీ పెట్టె బల్లకు తగిలిన చప్పుడైంది. అక్క కూతురు ప్రెస్సుకు సెలవు పెట్టి, తల్లి చేయాల్సిన గుడ్డలు తాను చేస్తోంది. అదే ప్రెస్సులో పదకొండేళ్ళుగా అచ్చు తప్పులు దిద్దే ప్రూఫు రీడరు. అక్కడ ఆమెను 'ఎర్రసిరా' అంటారు. తప్పు దొరికితే ఆఖరికి బిషప్పుగారి సందేశాన్నైనా ఎర్రగా చేసి పంపుతుందని.

తమ్ముడు గుమ్మం వైపు తిరిగి గొంతు పెంచాడు. "ప్రమాణం చెయ్యమంటున్నది బిషప్పుగారు కాదక్కా. ఆయన కార్యదర్శి ఫాదరు. ఆ మాట మార్చిన పెద్దమనిషే."

ఇస్త్రీ చప్పుడు ఆగింది.

"ఆయన మార్చటం మీరు చూశారా?" అంది అమ్మాయి, లోపలి నుంచే.

మీరు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించిన మేనమామను తొమ్మిది రోజులుగా మీరు అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా అక్క, ఇంట్లోకి కొత్తవాళ్ళెవరో వచ్చినట్టు తలెత్తి చూస్తోంది.

"చూడక్కర్లేదు. పదకొండు మందిమి రెండేళ్ళు కమిటీలో కూర్చున్నాం. నాలుగో నియమంలో ఆ ఒక్క మాట కోసమే మూడు సమావేశాలు. 'దైవశాస్త్ర బోధన శ్రీసభ ఉపదేశం ప్రకారం జరుగును' అని పాతది. 'ఉపదేశం వెలుగులో జరుగును' అని మేం రాసి పంపాం. బిషప్పుగారి సంతకమై వచ్చిన అచ్చు ప్రతిలో 'ప్రకారం' ఉంది. మధ్యలో ఉన్నది ఆ ఆఫీసు ఒక్కటే."

"మధ్యలో ప్రెస్సు కూడా ఉంది."

"ప్రెస్సుదేముంది తల్లీ. మీరు అచ్చు వేస్తారు, అంతేగా."

అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సగం మడిచిన తెల్లగుడ్డ ఉంది. ఏదో చెప్పబోయి, ఆ మాట వదిలేసి ఇంకోటి అందుకున్నట్టు అక్కకు అనిపించింది.

"పోనీ, 'ప్రకారం' ఉంటే ఏం తప్పు? గేటు మీద కతోలిక విశ్వవిద్యాలయం అని రాసుకున్నాం. కన్నవాళ్ళు అది చూసి పిల్లల్ని పంపుతున్నారు. లోపల ఇంకోటి చెబితే మోసం కాదా?"

"ఇంకోటి చెప్పటం లేదే. శ్రీసభ ఏం చెబుతుందో అదే ముందు చెబుతాను. ఆ తర్వాత ఒక పిల్ల లేచి ఎందుకు అని అడిగితే, కూర్చో అనను. అంతే తేడా. 'ప్రకారం' అంటే కొలబద్ద. అడిగేలోగానే కొలిచి పడేస్తుంది. 'వెలుగులో' అంటే దీపం పట్టుకుని నడవటం."

"దీపం పట్టుకుని ఎటైనా నడవచ్చు. గోతిలోకైనా."

"గొయ్యి కనబడుతుంది కదా."

"కనబడినా దిగేవాళ్ళు దిగుతారు. దీపం ఇచ్చాం, తప్పు మాది కాదంటారు మీరు."

"ఇద్దరూ కాసేపు ఊరుకుంటారా?" అంది అక్క. "నాకు ఆ దీపమూ వద్దు, ఆ కొలబద్దా వద్దు. స్వెట్టరు ఎక్కడ పెట్టానో చెప్పండి చాలు."

ఎవరూ చెప్పలేదు. స్వెట్టరు ఆమె భుజం మీదే ఉంది.

అమ్మాయి గుడ్డను ఇంకో మడత పెట్టింది. "మీ విద్యార్థిని రాసిన వ్యాసం మన పత్రికలో వేశారుగా. దాని ప్రూఫు నేనే చూశాను. మొగుడు వదిలేసి పోయిన ఆడది ఇంకొకరిని చేసుకుంటే, జీవితాంతం పూజలో ఇచ్చే సత్ప్రసాదానికి దూరం పెట్టటం సబబేనా అని. కింద మీరొక మాట రాశారు. 'ఆలోచించదగిన ప్రశ్న' అని."

తమ్ముడు చేతిలోని పుస్తకాన్ని సంచి అడుక్కి తోశాడు.

"ఐదేళ్ళ కిందట నేనడిగినప్పుడు అది ప్రశ్నే కాదు" అంది అమ్మాయి.

ఎనిమిదేళ్ళ కిందట అల్లుడు ఒక సోమవారం పొద్దున పనికని వెళ్ళి ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడు. ఐదేళ్ళ కిందట విశ్వవిద్యాలయపు లైబ్రరీలో పనిచేసే ఒక మంచి మనిషి అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. ఆ రెండు సంగతులూ ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

తలుపు కొట్టిన చప్పుడు వినగానే ముగ్గురూ ఒక్కసారే కదిలారు.

వచ్చినవాడు ప్రెస్సు ఫోర్‌మన్. ముప్ఫై ఏళ్ళు యంత్రాల మధ్య పనిచేసి చెవులు మందగించాయి. రహస్యాన్ని కూడా వీధి చివరికి వినబడేలా చెబుతాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే నోరు గట్టిగా మూసుకుని వచ్చాడు.

"కూర్చోండి" అంది అక్క.

"కూర్చోనమ్మా. మాస్టారూ, బస్సు పన్నెండింటికేనా?" అని కేక వేసి, చంకలోంచి ఒక పొడుగాటి కవరు తీసి అమ్మాయికి ఇవ్వబోయాడు. "అమ్మాయ్, నువ్వడిగిన అల్లికల పుస్తకం."

అమ్మాయి జన్మలో అల్లిక పట్టలేదు. ఆమె చేతులు గుడ్డ కింద ఉండిపోయాయి. కవరును అక్క అందుకుంది.

"పాత కాగితాలన్నీ ఇవాళ కట్టలు కట్టేస్తున్నాం" అన్నాడు ఫోర్‌మన్, ఎవరూ అడగకుండానే. "ఇది విడిగా కనబడితే తెచ్చాను. అంతే. అంతకుమించి ఏం లేదు." గ్లాసుడు మంచినీళ్ళు నిలబడే తాగి, అమ్మాయి మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

కవరు మీద పెన్సిలుతో రెండే మాటలున్నాయి. 'పొయ్యిలో వెయ్యండి.'

అక్క దాన్ని కొంగు కింద పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఆమె చదవకుండా వేసేయగల మనిషి అయితే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ చేతికొచ్చిన ఏ కాగితాన్నీ ఆమె చదవకుండా విడిచిపెట్టదు.

లోపల రెండు ప్రూఫు కాగితాలున్నాయి. రెండిటిలోనూ నియమావళి నాలుగో పేజీయే. మొదటిదాంట్లో 'వెలుగులో' అన్న మాట మీద ఎర్రగీత. పక్కన అంచులో 'ప్రకారం'. రెండోదాంట్లో 'ప్రకారం' అని శుభ్రంగా అచ్చయి ఉంది. అడుగున అదే ఎర్రసిరాతో 'సరి' అని, దాని కింద పొడి సంతకం.

వెనకాల అడుగుల చప్పుడు వినబడినా అక్క తిరగలేదు.

"ఇది నీ రాతేనా?"

"నాదే."

"పొరపాటా?"

"మొదటిది పొరపాటే అమ్మా." అమ్మాయి గొంతు తగ్గించింది. "పట్టాల వెనకాల, ప్రాస్పెక్టసుల్లో, పదకొండేళ్ళుగా అదే వాక్యం దిద్దుతున్నాను. 'శ్రీసభ ఉపదేశం' అని కనబడగానే చెయ్యి దాని పాటికి అది 'ప్రకారం' అని రాసేసింది. కమిటీ పంపిన అసలు ప్రతితో పోల్చి చూడలేదు. మా పనిలో అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటి లేదు."

"రెండోది?"

నీళ్ళ మీద మూత ఎగిరెగిరి పడుతోంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు.

"రెండో ప్రూఫు అసలు ప్రతితో పోల్చాను. వేలు పెట్టి, మాట మాటా. అందులో 'వెలుగులో' ఉంది. ఇందులో 'ప్రకారం' ఉంది. చాలాసేపు చూశాను. చూసి, 'సరి' అని రాశాను."

"తెలిసే."

"తెలిసే."

అక్కకు గోడ గడియారం కనబడుతోంది. పదీ ఇరవై. ఈ కాగితాలు బయటికొస్తే నియమావళి చెల్లదు. ప్రమాణం ఆగుతుంది. తమ్ముడు ఆగుతాడు. కూతురి ఉద్యోగం పోతుంది, దాంతోపాటు పదకొండేళ్ళ పేరు పోతుంది. బయటికి రాకపోతే గంటన్నరలో తమ్ముడు బస్సులో ఉంటాడు. ఎటు చూసినా ఒకరు తగ్గుతున్నారు.

"పొయ్యి మండుతోంది" అంది చివరికి.

"చూస్తున్నాను."

"నేనేం చెయ్యమనటం లేదు."

"నువ్వు అనకుండా అన్నవన్నీ నాకు తెలుసమ్మా."

"తొమ్మిది రోజులు ఎలా ఊరుకున్నావే? వాడు ఆ ఫాదరుగారిని అందరి ముందూ దొంగ అన్నాడని తెలిసి కూడా."

"అన్నం వడ్డించేటప్పుడు రోజూ చెబుదామనుకున్నాను. గిన్నె దగ్గర పెట్టేదాకా ధైర్యంగానే ఉంటుంది. చెబితే ఆ మాట పోతుందమ్మా. అది పోతే మరి నేను..."

ఆగిపోయింది. గుమ్మంలో తమ్ముడు ఉన్నాడు.

ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. వచ్చి, అక్క చేతిలోంచి కాగితాలు తీసుకున్నాడు. కళ్ళజోడు ఆ గదిలో ఉండిపోయింది. కాగితాన్ని బారెడు దూరం పట్టుకుని చదివాడు. రెండోది చదవటానికి ఎక్కువసేపు పట్టింది, అందులో ఉన్నది ఒక్క మాటే అయినా.

"నిండు సమావేశంలో ఒక గురువుని దొంగ అన్నాను" అన్నాడు. "ఆయన తల దించుకున్నాడు. నేరం ఒప్పుకుంటున్నాడనుకున్నాను. నా తరఫున సిగ్గుపడ్డాడేమో."

"మామయ్యా."

"ఎందుకమ్మా?"

"నువ్వు చెప్పిందే కదా చేశాను." ఆమె నువ్వు అన్నది. అక్క గుండె ఒక్క క్షణం ఊరట పడి, వెంటనే ఇంకా ఎక్కువ భయపడింది. "ఇదే వంటింట్లో. లైబ్రరీ ఆయన అడిగాడు, ఏం చెయ్యను అని నేనంటే, నువ్వు నిమిషం కూడా తీసుకోలేదు. ఉపదేశం ప్రకారం కుదరదు అన్నావు. సరే అన్నాను. ఏడవలేదు కూడా. పోనీలే, కాళ్ళ కింద ఒక గట్టి మాట ఉంది అనుకున్నాను. ఐదేళ్ళు దాని మీద నిలబడ్డాను. ఇప్పుడు నువ్వే కమిటీలో కూర్చుని దాన్ని తీసేస్తే, నేనెందుకు నిలబడినట్టు?"

"నీ కోసమే తీశాను."

మూత కింద పడి దొర్లింది. అక్క వంగి తీసింది, కానీ ఎక్కడ పెట్టాలో తోచక పట్టుకునే ఉంది.

"ఐదేళ్ళు నిన్ను చూశానమ్మా" అన్నాడు తమ్ముడు. "పూజకి వెళ్తావు. ప్రెస్సుకి వెళ్తావు. వస్తావు. గుడ్డలు మడుస్తావు. ఆ రోజు నేనొక్క నిమిషం ఆగి ఉంటే చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఆ మొదటి పెళ్ళి అసలు చెల్లిందో లేదో విచారించమని బిషప్పుగారి కింద నడిచే మేత్రాసన న్యాయస్థానానికి అర్జీ పెట్టుకోవచ్చు. అది కూడా శ్రీసభ ఉపదేశమే. నేను పాఠం చెప్పేదే. నీకు చెప్పలేదు. చేతిలో కొలబద్ద ఉంది, కొలిచేశాను."

"దారి ఉందా?"

"ఉందేమో అడిగి చూడాల్సింది. నేను అడగనివ్వలేదు. అందుకే ఇంకో పిల్లకి అలా కాకూడదని, ఆ మాట..."

"నన్నడిగి మార్చావా?"

"లేదు."

"అప్పుడూ నన్ను అడగలేదు, ఇప్పుడూ అడగలేదు." ఆమె గొంతులో కోపం లేదు. అదే అక్కకు నచ్చలేదు. "లైబ్రరీ ఆయనకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు మామయ్యా. రెండోది మొన్ననే పుట్టింది. ప్రెస్సులో మిఠాయి పంచాడు. నేనూ తిన్నాను."

తమ్ముడు గోడకు ఆనుకున్నాడు. తరగతిలో ఏ ప్రశ్నకైనా మూడు జవాబులు చెప్పేవాడని పేరు.

అమ్మాయి చెయ్యి చాపింది. "కాగితాలివ్వు. రిజిస్ట్రారుగారికి ఇచ్చేస్తాను."

"వద్దు. పొయ్యిలో వెయ్యి. నేను ఎలాగూ పోతున్నాను. నేను పోతే ఇక్కడితో సరిపోతుంది."

"ఆ ఫాదరుగారిని దొంగగా ఉంచేసి పోతావా?"

"క్షమాపణ ఉత్తరం రాస్తాను."

"ఏమని? దొంగ మీరు కాదు, ఇంకొకరు, పేరు చెప్పను అనా?"

"నీకు 'ప్రకారం' కావాలి కదే" అన్నాడు తమ్ముడు, బతిమాలుతున్నట్టు. "అది ఇస్తే నీ మాట నువ్వే చెరిపేసుకున్నట్టు. కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. పదకొండు మంది మళ్ళీ 'వెలుగులో' అంటారు."

"అననీ. దొంగతనంగా పెట్టిన 'ప్రకారం' ఏ ఉపదేశం ప్రకారం?"

తమ్ముడు కాగితాలు ఇచ్చేశాడు.

అమ్మాయి మొహం కడుక్కుంది. జుట్టు సరిచేసుకుంది. పనికి వెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పులే వేసుకుంది. అక్క వాకిట్లో అడ్డంగా నిలబడి ఉంది. అలా నిలబడ్డానని ఆమెకు తెలియదు.

"ఉద్యోగం పోతుందే."

"పోతుంది."

"ఒక ముద్ద తిని వెళ్ళు."

"వచ్చి తింటాను. జరుగమ్మా."

అక్క జరిగింది.

తమ్ముడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకాలే బయల్దేరాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు వెళ్ళకు. దారి పొడుగునా మళ్ళీ వాదించుకుంటారు. ఈ ఒక్క పనీ దాన్ని దాని ఇష్టప్రకారం చేసుకోనీ." తాను ఏ మాట వాడిందో అన్న తర్వాత తెలిసింది. తమ్ముడు నవ్వబోయి, నవ్వలేక, కుర్చీలో కూర్చున్నాడు.

పన్నెండయింది. బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఒంటిగంటకు అక్క అన్నం వార్చింది. రెండింటికి గిన్నెల మీద మూతలు పెట్టింది. రెండున్నరకు వీధి మొగ దాకా వెళ్ళి వచ్చింది.

"రిజిస్ట్రారుగారు కూర్చోబెట్టి రాయించుకుంటూ ఉంటారు. వాళ్ళకి ప్రతిదీ మూడు ప్రతులు కావాలి" అన్నాడు తమ్ముడు.

"మూడు ప్రతులకి ఇంతసేపా?"

"నేను వెళ్ళి చూసొస్తాను."

"నువ్వు అటు వెళ్తే అది ఇటు వస్తుంది. ఉండు."

మళ్ళీ ఆమే ఆపింది. తర్వాత రోజుల్లో దీన్ని ఆమె ఎవరితోనూ చెప్పలేదు. చెప్పకపోయినా తమ్ముడికి తెలుసు, ఆ కుర్చీలో కూర్చున్నది ఆయనే కాబట్టి.

నాలుగు దాటాక ఫోర్‌మన్ వచ్చాడు. ఈసారి వీధిలోంచే కేక వేశాడు.

"మాస్టారూ, మీరు వెళ్ళక్కర్లేదు. నియమావళి వెనక్కి తెప్పించారు. ప్రమాణం ఆపేశారు. కమిటీ మళ్ళీ కూర్చోవాలట. పొయ్యిలో వెయ్యమంటే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది, చూశారా మన అమ్మాయి. ఏదీ, ఏం చేస్తోంది?"

అక్క, తమ్ముడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇంటికి రాలేదా?" అన్నాడు ఫోర్‌మన్. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయన గొంతు చిన్నదైంది. "పదకొండూ ఇరవైకే కాగితాలిచ్చి రసీదు తీసుకుందే. అక్కణ్ణుంచి బిషప్పుగారి బంగళాకి వెళ్ళింది. కార్యదర్శి ఫాదరుగారి ముందు నిలబడి తప్పు నాదని చెప్పిందట. ఆయన కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించారట. ఒంటిగంటకు గేటు దాటి బయటికి వచ్చింది. వాచ్‌మన్ చూశాడు."

"ఎటు వెళ్ళింది?" అంది అక్క.

"ఎటో చూడలేదన్నాడమ్మా. ఇంటికేగా వెళ్తుంది అనుకున్నాడు."

కమిటీ మళ్ళీ కూర్చుంది. తమ్ముడు కార్యదర్శిగారి దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు అదే తరగతిలో పాఠం చెప్పాడు. ప్రెస్సులో ఆమె బల్ల దగ్గర ఇంకొకరు కూర్చున్నారు.

అమ్మాయి ఆ ఇంటికి తిరిగి రాలేదు, ఎక్కడ వెతికినా జాడ దొరకలేదు. ఆమె వెళ్ళింది మార్చి పదకొండో తేదీ, బుధవారం, పదకొండుకు పది నిమిషాలు తక్కువలో.